ఇంటికి తగిన అంతర్జాలము - ఒక పరిశీలన

ఇల్లు చూచునప్పుడు మన పెద్దలు మొదట నీటి వసతిని, పిదప గాలి వెలుతురులను, ఆ పిమ్మట ఇరుగుపొరుగులను విచారించెడివారు. నేడు ఇల్లు చూచువారు నాల్గవ ప్రశ్న యొకటి వేయుచున్నారు. “ఇక్కడికి ఏ నెట్ కనెక్షను వచ్చును?” అనునదే ఆ ప్రశ్న. ఈ ప్రశ్న విని నవ్వుకొను కాలము గడచిపోయినది. తెలంగాణలో డిగ్రీ కళాశాలల ప్రవేశములు 2016 నుండి ‘దోస్త్’ అను అంతర్జాల పద్ధతిలో జరుగుచున్నవి. ఉపకార వేతనమునకు దరఖాస్తు, పరీక్ష రుసుము, హాల్ టికెట్టు, ఫలితము - ఇవన్నియు నేడు తెరమీదుగానే విద్యార్థికి చేరుచున్నవి. కావున ఇంటికి అంతర్జాలమును తెచ్చుకొనుట విలాసము కాదు; అది చదువుకు కావలసిన సామగ్రిలో ఒక భాగము.

అయినను మనలో పెక్కుమంది ఈ కనెక్షన్‌ను ఎంచుకొను తీరు ఆలోచింపదగినదిగా ఉన్నది. గోడమీది ప్రకటనలో ఏ అంకె పెద్దదో, ఏ ధర చిన్నదో చూచి సంతకము చేయుదురు. కొంతకాలము గడచిన పిమ్మట, పెద్ద అంకె ఇంటిలో అందరికిని అందలేదని, చిన్న ధర వెనుక మరికొన్ని ఖర్చులు ఉన్నవని గ్రహింతురు. అంతర్జాలము ఇంటికి వచ్చు మార్గములెన్ని, అవి పనిచేయు విధమేమి, వానిలో ఏది ఎవరికి తగును అను విషయములను ఈ వ్యాసములో వరుసగా పరిశీలింపదలచినాము. ఆ పరిశీలనకు ఒక కొలబద్దను ముందుగనే చెప్పుచున్నాము. కనెక్షన్‌ను దాని గరిష్ఠ వేగముతో గాక, ఇంటిలో అందరికంటె చివర దానిని అందుకొను వ్యక్తి అవసరముతో కొలువవలెను.

నడచివచ్చిన దారి

మన దేశములో సామాన్య ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోనికి వచ్చినది. ఆ దినములలో టెలిఫోను తీగపై నంబరు కలిపి కంప్యూటరును జోడింపవలసి యుండెను. నెట్ నడచుచున్నంతసేపు ఇంటి ఫోను మ్రోగదు. ఫోను కావలెనన్న నెట్ ఆపవలెను. 2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లు, అంతకు మించిన వేగమునకు బ్రాడ్‌బ్యాండ్ అని పేరు పెట్టినది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. తన బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించినది. ఆ నిర్వచనము 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగినది. ఇరువది సంవత్సరములు నిండకమునుపే బ్రాడ్‌బ్యాండ్ అను మాటకు అర్థము సుమారు ఎనిమిది రెట్లు పెరిగినదన్నమాట. కావున ఈనాడు మనము చేయు ఎంపిక ఎల్లకాలమునకు అని తలంపరాదు.

2016 సెప్టెంబరులో జియో సంస్థ 4జీ సేవను ఆరంభించిన పిమ్మట ధరలు పడిపోయి, అంతర్జాలము చేతిఫోనులోనికి వచ్చినది. 2022 అక్టోబరు 1న 5జీ సేవలు ఆరంభమైనవి. ఈ రెండింటి నడుమ, 2020 మార్చిలో, కరోనా వ్యాధి కారణమున విద్యాలయములు మూతపడి, పాఠములు ఫోనులోనికి వచ్చినవి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో అంతర్జాల సౌకర్యమున్న కుటుంబములు నూటికి 23.8 మాత్రమే, పల్లెలలో 14.9, పట్టణములలో 42. విద్యాలయము మూతపడిన నాడు ఎందరి చదువు ఆగిపోయినదో ఈ అంకెలను బట్టి ఊహింపవచ్చును. ఇంటి కనెక్షన్‌ను గూర్చి మనము శ్రద్ధగా ఆలోచింపవలసిన అవసరము ఆనాడే స్పష్టమైనది.

కొన్ని మాటలు, కొన్ని కొలతలు

దుకాణములో బియ్యము కొనువానికి కిలో, గ్రాముల భేదము తెలియవలెను. అట్లే కనెక్షను తీసుకొనువానికి బిట్టు, బైటుల భేదము తెలియవలెను. కంపెనీలు వేగమును బిట్లలో చెప్పును; మన ఫోను, కంప్యూటరు దస్త్రముల పరిమాణమును బైట్లలో చూపును. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. కావున ‘100 ఎంబీపీఎస్’ అని ప్రకటించిన కనెక్షను సెకనుకు 12.5 మెగాబైట్లను మాత్రమే తేగలదు. ఒక గిగాబైటు పరిమాణము గల పాఠమును దింపుకొనుటకు పూర్తి వేగముతో నడచినను 80 సెకనులు పట్టును. ఇది మోసము కాదు. కొలత వేరు, అంతే.

రెండవది దిగుమతి, ఎగుమతుల భేదము. మనకు వచ్చునది డౌన్‌లోడు, మననుండి పోవునది అప్‌లోడు. ప్రకటనలలో పెద్ద అక్షరములతో కనిపించునది తరచు మొదటిదే. దరఖాస్తుతో ధ్రువపత్రములు పంపునప్పుడు, తెరమీద ముఖాముఖికి కూర్చున్నప్పుడు రెండవది కావలెను. మూడవది జాప్యము, అనగా మనము అడిగినదానికి సమాధానము తిరిగివచ్చుటకు పట్టు కాలము. గొట్టము ఎంత వెడల్పయినను, నీటి తొట్టి పది ఆమడల దూరములో ఉన్నయెడల మొదటి చుక్క ఆలస్యముగానే వచ్చును గదా! నాల్గవది వాడుక పరిమితి. ‘అపరిమితము’ అను పథకములలో సైతము నెలకు ఇన్ని గిగాబైట్లు దాటినచో వేగము తగ్గింపబడునని క్రింద చిన్న అక్షరములతో వ్రాసి యుండును. దానిని చదువక సంతకము చేయరాదు.

ఆరు మార్గములు

మొదటిది రాగితీగ. పాత టెలిఫోను తీగపైననే, మాటలకు వాడని పౌనఃపున్యములలో సమాచారమును పంపు పద్ధతి ఇది. దీనిని డీఎస్‌ఎల్ అందురు. దూరము పెరిగినకొలది దీని బలము తగ్గును. ఏడీఎస్‌ఎల్-2 ప్లస్ అను మెరుగైన రూపములో సెకనుకు 24 మెగాబిట్ల వరకు వచ్చునని చెప్పినను, ఎక్స్‌ఛేంజికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున ఉన్న ఇంటికి అందులో కొంతభాగమే చేరును. వానకు తడిసిన కీళ్లు, త్రుప్పు దీనికి శత్రువులు. ఫైబరు వచ్చిన వీధిలో నూతనముగా దీనిని కోరుకొనుటకు కారణము కనిపించదు.

రెండవది కేబుల్ టీవీ తీగ. బొమ్మలు వచ్చు తీగలోనే అంతర్జాలమును పంపుదురు. తీగ అదివరకే ఇంటిలో ఉండుట దీనిలోని సౌలభ్యము. అయితే ఒక ప్రాంతములోని ఇండ్లన్నియు ఒకే తీగ శక్తిని పంచుకొనుటచేత, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ వేగము తగ్గు అవకాశము కలదు.

మూడవది గాజుతీగ, అనగా ఫైబరు. వెంట్రుకవలె సన్నని గాజుపోగులో వెలుగు ప్రయాణించును. చక్కగా శుద్ధిచేసిన గాజులో వెలుగు మైళ్లకొలది పోగలదని 1966లో చార్లెస్ కావో తన సహచరుడైన జార్జ్ హాక్‌హామ్‌తో కలిసి నిరూపణ పూర్వకముగా ప్రతిపాదించినారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ అట్టి గాజును తయారుచేసినది. కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. నేడు మన వీధులలో సాధారణముగా వాడుచున్న జీపాన్ పద్ధతిలో ఒక గాజుపోగు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లను తెచ్చి, 32 లేక 64 ఇండ్లకు పంచగలదు; ఇరువది కిలోమీటర్ల దూరము వరకు పనిచేయగలదు. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు; త్రుప్పు పట్టదు. దీనికి గల బలహీనతలు రెండు. గట్టిగా మడచినచో వెలుగు బయటికి పోవును. స్తంభమునుండి ఇంటికి వ్రేలాడు తీగకు ఎత్తైన లోడు గల లారీ తగిలినచో తెగిపోవును. తెగిన గాజును ముడివేయలేము, పరికరముతో అతికింపవలెను. ఆ పరికరమున్న మనిషి వచ్చువరకు ఇల్లు మౌనమే.

గ్రామ పంచాయతులకు గాజుతీగను చేర్చు జాతీయ పథకమును కేంద్రము 2011లో ఆమోదించినది. అది 2015 నుండి భారత్‌నెట్ అను పేరుతో నడచుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభములపై తీగలు లాగి ఇంటింటికి అందించు ఉద్దేశముతో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. కావున పల్లెవారు తమకు ఈ మార్గము లేదని ముందుగనే అనుకొనక, పంచాయతీ కార్యాలయములోను, ఊరి కేబుల్ వారివద్దను విచారింపవలెను.

నాల్గవది మనమందరము ఎరిగిన చేతిఫోను. సిమ్ వేసిన నాడే నెట్ వచ్చును. ఊరు మారినను వెంట వచ్చును. హాట్‌స్పాట్ ద్వారా ఇంకొక పరికరమునకు పంచవచ్చును. అయితే ఇది వీధి కుళాయి వంటిది. టవరు పరిధిలోని వారందరి బిందెలు ఒకే వరుసలో ఉండును. రోజునకు ఇంత యను పరిమితియు ఉండును. పైగా ఆ ఫోను ఎవరి జేబులో ఉండునో, నెట్ కూడ వారితోనే బయటికి పోవును.

ఐదవది ఎయిర్ ఫైబరు. 2023 నుండి మన నగరములలో ఇది విస్తరించుచున్నది. పేరులో ఫైబరు ఉన్నను ఇంటికి తీగ రాదు. మిద్దెమీదనో, కిటికీ వెలుపలనో అమర్చిన పరికరము 5జీ టవరునుండి సంకేతములను గ్రహించి లోపలి వైఫై పెట్టెకు పంపును. ఇరుకు సందులలో తీగ లాగుటకు వీలుకానప్పుడు, అద్దె ఇంటి యజమాని గోడకు రంధ్రము చేయనీయనప్పుడు ఇది మంచి ఉపాయము. టవరునకు దగ్గరగా ఉండి, నడుమ ఎత్తైన కట్టడములు అడ్డము లేనప్పుడే దీని ఫలితము బాగుండును. టవరు శక్తిని ఫోనులవారితో పంచుకొనవలసియుండుటచేత, రద్దీ వేళలలో దీని నిలకడ ఫైబరుతో సమానము కాదు.

ఆరవది ఉపగ్రహము. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్నట్లు కనిపించు ఉపగ్రహము ద్వారా మన ప్రశ్న పోయి సమాధానము వచ్చుటకు సంకేతము నాలుగుమార్లు ఆ దూరమును దాటవలెను. వెలుగు వేగముతో పోయినను దానికి దాదాపు అర సెకను పట్టును. తెరమీది సంభాషణలో ఆ అర సెకను ఒకరి మాటపై ఒకరి మాట పడునట్లు చేయును. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగు స్టార్‌లింక్ వంటి ఉపగ్రహముల సముదాయములు ఈ జాప్యమును బాగుగా తగ్గించినవి. ఆ సంస్థకు మన దేశములో 2025 జూన్‌లో అనుమతి పత్రము లభించినది. తీగయు, టవరును చేరలేని అడవి గూడెములకు, దీవులకు ఈ మార్గము వరము. పట్టణవాసికి దీని అవసరము అరుదు.

ఎంత వేగము కావలెను?

ఇప్పుడు లెక్క వేసి చూతము. తెరమీద స్పష్టముగా కనిపించు ఒక పాఠమునకు సెకనుకు సుమారు 2 మెగాబిట్లు చాలును. ఐదుగురున్న ఇంటిలో రాత్రి ఎనిమిది గంటలకు ఇద్దరు పిల్లలు వేర్వేరు పాఠములు చూచుచున్నారనుకొందము. అది 4 మెగాబిట్లు. పెద్దవాడు ఉద్యోగపు ముఖాముఖిలో ఉన్నాడు; అది 3. ముందుగదిలో టీవీపై హెచ్‌డీ చిత్రము నడచుచున్నది, అది 5. ఫోనులు తమంతట తాము దింపుకొను దస్త్రములకు మరియొక 5 వదలుదము. మొత్తము 17. కావున నిలకడగా వచ్చు 30 మెగాబిట్ల కనెక్షను సామాన్య కుటుంబమునకు సరిపోవును. 200, 300 అంకెలు చూచి ఆశపడవలసిన పని లేదు. ఆ తేడా సొమ్ముతో రౌటరునకు ఒక చిన్న బ్యాటరీ యూపీఎస్ కొనుట మేలు. కరెంటు పోయిన వేళ పాఠము ఆగకుండును. పెట్టె, రౌటరు కలిసి 12 వాట్లు వాడుననుకొన్నను, రాత్రింబగళ్లు నడచినయెడల నెలకు 9 యూనిట్లు దాటదు.

ఈ లెక్కనే చేతిఫోనుకు వర్తింపజేయుదము. 2 మెగాబిట్ల పాఠము ఒక గంట నడచినచో 900 మెగాబైట్లు ఖర్చగును. రోజునకు 1.5 గిగాబైట్ల పథకములో అది ఒక గంట నలుబది నిమిషములు మాత్రమే. ఇంటిలో ఒకే ఫోనున్నచో, అన్న మొదట ఒక గంట పాఠము చూచిన పిమ్మట చెల్లెలికి మిగులునది నలుబది నిమిషములు. తల్లికి మిగులునది ఏమియు లేదు. ఈ చిన్న లెక్కలోనే మా వ్యాసపు సారాంశమంతయు కలదు.

ధర విషయములోను లెక్క అవసరము. ఫోను రీచార్జి తరచు 28 దినములకు ఉండును. కావున సంవత్సరములో పండ్రెండుమార్లు గాక పదమూడుమార్లు కట్టవలసి వచ్చును. 300 రూపాయల పథకమును ముగ్గురు వాడినచో ఏడాదికి 11,700 రూపాయలు. నెలకు 399 రూపాయలని ప్రకటించిన ఇంటి కనెక్షను 18 శాతము జీఎస్టీతో కలిసి 470 రూపాయల 82 పైసలగును; ఏడాదికి సుమారు 5,650. ఇంటి కనెక్షను తీసుకొన్నంతమాత్రమున ఫోను ఖర్చు పూర్తిగా పోదు. కాని డేటా లేకుండ మాటలకు, సందేశములకు మాత్రమే పనికివచ్చు రీచార్జిలను సైతము అందుబాటులో ఉంచవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించినది. ఇంటి పట్టున ఉండువారి ఫోనుకు అట్టి రీచార్జి చాలును.

చివరి వ్యక్తి ఎవరు?

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గలవారిలో ఒక్కమారైనను అంతర్జాలమును వాడినవారి లెక్క తీసినది. దేశములో పురుషులు నూటికి 57.1, స్త్రీలు 33.3. తెలంగాణలో స్త్రీలు 26.5, ఆంధ్రప్రదేశ్‌లో 21 మాత్రమే. అనగా మన తెలుగుగడ్డపై ఆనాటికి నలుగురు స్త్రీలలో దాదాపు ముగ్గురు అంతర్జాలమును ఎరుగరు. టవరులు లేక కాదు. టవరులు స్త్రీ పురుష భేదము చూడవు. ఇంటిలోనికి వచ్చినది ఇంటిలో అందరికిని చేరలేదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

మన ఇండ్లనే చూతము. కనెక్షను పెట్టుటకు వచ్చిన మనిషిని మనము దివాన్‌ఖానాలో కూర్చుండబెట్టుదుము. రౌటరును అక్కడనే గోడకు బిగించి అతడు వెడలిపోవును. పాత ఇండ్ల గోడలు మందము. వైఫైలో దూరము పోవునది 2.4 గిగాహెర్ట్జ్ తరంగము. వేగము హెచ్చుగా గలది 5 గిగాహెర్ట్జ్ తరంగము. ఈ రెండవది గోడలను దాటుటలో బలహీనము. రెండు గోడలు దాటి, వంటింటి ప్రక్కనున్న వెనుక గదిలో ఆడపిల్ల పుస్తకము తెరచి కూర్చున్నచోటికి సంకేతము చేరునప్పటికి దానిలో జీవము ఉండదు. 300 మెగాబిట్ల కనెక్షను దివాన్‌ఖానాలో 300. వెనుక గదిలో మూడు. కావున రౌటరును ఇంటి నడుమ, మనిషి ఎత్తుకు మించిన చోట పెట్టింపవలెను. సాధ్యము కానప్పుడు వెనుక గదికి ఒక తీగ లాగి రెండవ రౌటరు అమర్చుకొనవలెను. బిగించిన నాడే ఫోను తీసుకొని ప్రతి గదిలోను వేగమును పరీక్షింపవలెను. మొదటి పరీక్ష వెనుక గదిలోనే జరుగవలెను.

రౌటరు స్థానమువలెనే పాస్‌వర్డు కూడ ముఖ్యము. ఇంటి పెద్ద కుమారుని ఫోనులో మాత్రమే పాస్‌వర్డు ఉన్నయెడల అది ఇంటి కనెక్షను కాదు, అతని కనెక్షను. ఆడపిల్ల చేతికి నెట్ ఇచ్చినచో చెడునను భయము కొందరు తల్లిదండ్రులకు కలదు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. అంతర్జాలములో చెడుగు ఉన్నది. అది కుమారునికిని, కుమార్తెకును సమానముగనే ఉన్నది. జాగ్రత్త ఇద్దరికిని నేర్పవలెను; ఒకరికి తలుపు మూసి మరొకరికి తెరచుట జాగ్రత్త అనిపించుకొనదు. ఇల్మును ఆర్జించుట ప్రతి ముస్లిమునకు విధియని బోధించిన ధర్మము మనది. ఆ విధి నెరవేర్చుకొను సాధనము నేడు వెనుక గది వరకు చేరవలసి యున్నది.

న్యాయస్థానములు సైతము ఈ విషయమును గుర్తించినవి. కళాశాల వసతిగృహములో సాయంకాలపు వేళ ఫోను వాడరాదను నిబంధనకు ఒప్పుకొననందున వసతి కోల్పోయిన ఒక విద్యార్థిని వ్యాజ్యములో, అంతర్జాలమును పొందుట విద్యా హక్కులోను, గోప్యతా హక్కులోను భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. అంతర్జాలము ద్వారా భావప్రకటన చేయుటకు, వృత్తి వ్యాపారములు సాగించుటకు రాజ్యాంగ రక్షణ కలదని 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనురాధా భసీన్ వ్యాజ్యములో పేర్కొన్నది.

ఆ వెనుక గదికి అంతర్జాలము చేరినచో ఏమి చేరును? ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఆరంభించిన ఎన్‌పీటెల్ పాఠములు చేరును. 2017లో ఆరంభమైన ‘స్వయం’ తరగతులు చేరును. 1998లో హైదరాబాదులో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయపు మీడియా కేంద్రము రూపొందించిన ఉర్దూ పాఠములు చేరును. 2013లో వెలసిన రేఖ్తా ద్వారా ఉర్దూ కవుల దీవానులు, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ద్వారా తెలుగు విషయములు చేరును. రెండు భాషల నడుమ పెరిగిన మన విద్యార్థినికి ఇవి రెండు గ్రంథాలయములు.

సంతకమునకు ముందు

కనెక్షను తీసుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను క్లుప్తముగా చెప్పుచున్నాము. ధరలో జీఎస్టీ కలిసినదా? బిగించుటకు రుసుము ఎంత? పెట్టె, రౌటరు మనవగునా, అద్దెకా, లేక ధరావతు కట్టవలెనా? ఆ ధరావతు తిరిగి వచ్చునా? నెలనెల కట్టవచ్చునా, ఆరు నెలలు ముందుగా కట్టవలెనా? క్రొత్త కంపెనీతో మొదటిసారి ఆరు నెలల సొమ్ము ఒకేమారు కట్టక, ఒక నెల చూచి కట్టుట వివేకము. వాడుక పరిమితి ఎంత, అది దాటిన పిమ్మట వేగమెంత? అప్‌లోడు వేగమెంత? ఇల్లు మారినచో కనెక్షన్‌ను మార్చుదురా?

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్నను కంపెనీవానిని గాక మన సందులోనివారిని అడుగవలెను. “మీకు నెట్ పోయినప్పుడు ఎన్ని గంటలకు మనిషి వచ్చును?” అని మూడిండ్లవారిని అడిగినచో, ఏ ప్రకటనలోను దొరకని సత్యము దొరకును. పేరుమోసిన కంపెనీకి మన వీధిలో మరమ్మతు మనిషి లేకపోవచ్చును. పేరులేని ఊరి కేబుల్‌వాడు పిలిచిన గంటకే నిచ్చెనతో రావచ్చును. ఫిర్యాదు చేసిన ప్రతిసారి దాని నంబరును వ్రాసి ఉంచుకొనవలెను. కంపెనీ ఫిర్యాదు కేంద్రములో న్యాయము జరుగనిచో, అదే కంపెనీలో అప్పీలు అధికారికి చెప్పుకొను పద్ధతిని టెలికాం నియంత్రణ సంస్థ 2012 నాటి నిబంధనలలో ఏర్పరచినది. నంబరు లేని ఫిర్యాదు గాలిలో కలిసిన మాట.

ఇక మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పెదము. వీధిలో ఫైబరు ఉండి, ఇంటిలో చదువుకొనువారు ఇద్దరు, అంతకంటె ఎక్కువమంది ఉన్నయెడల, 30 మెగాబిట్ల చిన్న పథకముతో ఫైబరు తీసుకొనుట ఉత్తమము. తీగ రాని సందులో, తరచు ఇండ్లు మారు కుటుంబమునకు ఎయిర్ ఫైబరు మధ్యమము. గదిలో ఒంటరిగా ఉండి, సెలవులకు ఊరికి పోవు విద్యార్థికి చేతిఫోను పథకమే చాలును. అతడు ఇంటి కనెక్షను తీసుకొనుట వృథా. రాగితీగ, కేబులు మరియొక మార్గము లేనిచోట; ఉపగ్రహము ఏ మార్గమును లేనిచోట.

కళాశాల పాలకవర్గమునకు ఒక మనవి

నెలకు 470 రూపాయలు సైతము భారమైన ఇండ్లు మన విద్యార్థులలో కలవు. ఆ భారమును వారి తలపై వేసి మనము ఊరకుండరాదు. కళాశాల గ్రంథాలయమునందలి వైఫైని తరగతులు ముగిసిన పిమ్మట రెండు గంటలు తెరచి ఉంచినచో, ఇంటిలో కనెక్షను లేనివారికి అదియే ఇల్లగును. విద్యార్థినులు చీకటిపడకముందే ఇల్లు చేరవలసి యుండును గనుక, వారికొరకు మధ్యాహ్నపు వేళలో ఒక గంటను ప్రత్యేకింపవచ్చును.

అధ్యాపకులమైన మేమును చేయదగినది ఒకటి కలదు. గంటసేపటి పాఠమును దృశ్యరూపములో పంపినచో 900 మెగాబైట్లు. అదే పాఠమును స్వరముగా మాత్రమే, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున పంపినచో 14.4 మెగాబైట్లు మాత్రమే. అరువది రెట్లు తేడా! తెలుగు, ఉర్దూ పాఠములకు బొమ్మతో పని తక్కువ. స్వరము, వ్రాతప్రతి ఉన్నచో చాలును. మేము ఆ చిన్న శ్రమ తీసుకొన్నచో అన్నకు మిగిలిన నలుబది నిమిషముల డేటాలో చెల్లెలు నెల దినముల పాఠములు వినగలదు.

విద్యార్థినీ విద్యార్థులారా! సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ ఇంటి కనెక్షన్‌ను ఒకమారు పరీక్షింపుడు. వేగమును ముందుగదిలో గాక వెనుక గదిలో కొలువుడు. పాస్‌వర్డు ఎవరెవరికి తెలియునో విచారింపుడు. మీ తల్లికి, మీ చెల్లెలికి తెలియనిచో ఆనాడే చెప్పుడు. దానికి ఏ కంపెనీ అనుమతియు అక్కరలేదు. ఒక్క పైసా ఖర్చును లేదు.